సవరణ: గడ్డి కంకులు ఎప్పుడు కోయాలి

గడ్డిగింజలు తినే పిట్టల గురించి రాసిన పోస్టులో "కంకి పైకి రాగానే గడ్డి కోసేయవచ్చు" అని ఉంది. అది సరికాదు, అప్పటికి గింజ కట్టదు. పొట్టును గోటితో నొక్కి చూడండి: ఏమీ లేకపోతే తాలు, తెల్లటి పాలు వస్తే గింజ కడుతున్నట్టు. మునియాలు (జీనువాయి పిట్టలు) ఎక్కువగా దిగేది ఈ పాల దశలోనే. కాడను పట్టుకుని వేలాడుతూ, గింజను ముక్కుతో ఒలిచి పొట్టు రాల్చేస్తాయి. పిల్లలకూ ఈ లేత గింజలే మేపుతాయి. అందుకే కంకి ఎండి, అరచేతిలో నలిపితే గింజ రాలేదాకా ఊద వంటి గింజల గడ్డిని ముట్టుకోకండి. తప్పనిసరైతే సగం కోసి, సగం వదలండి.

"పిల్లలన్నిటికీ గింజలే మేత" అన్న వాక్యమూ తీసేశాం. పిచ్చుక, గిజిగాడు తమ పిల్లలకు ముఖ్యంగా పురుగులే పెడతాయి. కాబట్టి ఆ గడ్డిలో పురుగుమందు అసలు కొట్టకూడదు.