అక్టోబర్ 31 గారికి, మండిపోతూ రాయునది (2019 అక్టోబర్ 30)

మహారాజశ్రీ బ్రెగ్జిట్ (బ్రిటన్ యూరోపియన్ యూనియన్, అంటే ఈయూ, నుంచి విడిపోవడం) గడువు అక్టోబర్ 31 గారి దివ్య సముఖమునకు,

లండన్ పక్కనున్న స్లౌ నుంచి ఒక సాఫ్ట్‌వేర్ కూలీ నమస్కరించి రాయునది. ఇక్కడ నేను క్షేమంగా లేను. అక్కడ మీరు క్షేమమని తలుద్దామంటే, మొన్న సోమవారమే బ్రస్సెల్స్‌లోని ఈయూ వాళ్ళు మిమ్మల్ని లేపేసి ఆ కుర్చీలో జనవరి 31 గారిని కూర్చోబెట్టారు.

మీకోసం నేను దీపావళి వదులుకున్నానండి. డీల్ (విడిపోయే ఒప్పందం) లేకుండా బ్రిటన్ బయటపడితే 31 రాత్రి 11కి (ఇక్కడ 11 అంటే బ్రస్సెల్స్‌లో 12, వెళ్ళిపోయేది కూడా వాళ్ళ గడియారం చూసుకునే) డోవర్ నుంచి ఫ్రాన్స్‌లోని కలే పోయే ప్రతి సరుకు లారీకి కస్టమ్స్ డిక్లరేషన్ కావాలి, ఆ సాఫ్ట్‌వేర్ చూసేది మా టీమ్, అందుకని అక్టోబరంతా లీవులు బంద్, టికెట్ క్యాన్సిల్ చేస్తే రీఫండ్ పేరుతో ఎయిర్‌పోర్ట్ ట్యాక్సు ముక్కలేవో చేతిలో పెట్టారు. 27న మా వాళ్ళు తెనాలిలో చిచ్చుబుడ్లు కాలుస్తుంటే నేను వీడియో కాల్‌లో చూశా. 28న మీరు రావట్లేదని చెప్పారు. ఒక్క రోజు! ఆ ముక్క నెల ముందు చెప్తే మీ సొమ్మేం పోయేదండీ?

ఇదే మొదటిసారి అయితే సర్దుకుపోయేవాణ్ణి. మీ పెద్దన్నయ్య మార్చి 29 గారు రాలేదు, ఆయన బదులు ఏప్రిల్ 12 గారొస్తారన్నారు, మధ్యలో ఏప్రిల్ 6న ఉగాది పోయింది. 12 గారూ రాలేదు. అప్పుడు ఈయూ కౌన్సిల్ అధ్యక్షుడు డొనాల్డ్ టస్క్ గారు దయచేసి ఈ టైమ్ వేస్ట్ చేసుకోకండి అని మరీ చెప్పి మిమ్మల్ని ఇచ్చాడు, వెంటనే ఎంపీలు ఈస్టర్ సెలవులకి వెళ్ళారు. వాళ్ళకి సెలవులుంటాయి. ఇప్పుడు జనవరి 31, అంటే జనవరంతా లీవులు బంద్, అంటే సంక్రాంతి కూడా గోవిందా. మీ వంశానికి మా పంచాంగం ఎవరు పంపిస్తున్నారండీ అసలు?

మీ సభ, అదే బ్రిటన్ పార్లమెంటు, సంగతి చెప్పక్కర్లేదు. అప్పటి ప్రధాని థెరిసా మే గారి డీల్ 230 ఓట్ల తేడాతో ఓడింది, తర్వాత 149తో, తర్వాత 58తో, ఇంకో రెండుసార్లు పెట్టుంటే గెలిచేసేదేమో, కానీ అదే ప్రశ్న మళ్ళీ మళ్ళీ అడక్కూడదని స్పీకర్ బెర్కో గారు అప్పటికే 1604 నాటి రూలు బయటికి తీసి పెట్టాడు. డీల్ వద్దా, సరే మీకేం కావాలో చెప్పండి అని ఎనిమిది ఆప్షన్లిస్తే ఎనిమిదీ ఓడగొట్టారు. ఓడలు లేని కంపెనీకి ఫెర్రీ కాంట్రాక్ట్ ఇచ్చిన మంత్రిగారి గురించి రాస్తే బీపీ పెరుగుద్ది, వదిలేద్దాం.

కొత్త ప్రధాని బోరిస్ జాన్సన్ గారైతే గడువు పెంచమని అడిగేకన్నా గోతిలో పడి చావడం నయం అన్నాడు. మరి 19న శనివారం సభ పెట్టి (1982లో ఫాక్లాండ్స్ యుద్ధమప్పుడు పెట్టారట, మళ్ళీ ఇప్పుడే) డీల్ మీద ఓటింగ్‌ని కూడా వాయిదా వేయించుకుని, ఆ రాత్రి గడువు పెంచమని సంతకం లేని లెటరొకటి, పెంచడం పొరపాటు అని సంతకం పెట్టిన లెటర్ ఇంకోటి ఈయూకి పంపించాడు. నేను మా మేనేజర్‌కి లీవ్ లెటర్ అలా పంపిస్తే? 22న ఇంకా విచిత్రం, ఆయన డీల్ బిల్లుకి ఎంపీలు సూత్రప్రాయంగా 329-299తో సరే అన్నారు, కాసేపటికే మీరొచ్చేలోపు చర్చ ముగించాలన్న షెడ్యూల్‌ని కొట్టేశారు.

"వాళ్ళు విడిపోతే నీకేంట్రా" అంటది మా అమ్మ. నిజానికి 2016లో విడిపోవాలా వద్దా అన్న రిఫరెండంలో నాకూ ఓటుందండి, కామన్వెల్త్ వాళ్ళం కదా. ఏళ్ళ తరబడి ఇక్కడే ఉంటున్న పక్కింటి పోలండ్ (ఈయూ దేశమే) ఆయనకి లేదు. తేలాల్సింది ఆయన బతుకు, ఓటు నాది, ఇది మళ్ళీ ప్రజాస్వామ్యాలకి తల్లట.

ఇంక మర్యాద నా వల్ల కాదు. నువ్వు గడువువి కాదు, కిరాణా కొట్టులో "నేడు రొక్కం, రేపు అప్పు" బోర్డువి. నువ్వొస్తావని నమ్మినోడే ప్రతిసారీ మునుగుతున్నాడు, మినీ కార్ల ఫ్యాక్టరీ వాళ్ళు మార్చి 29ని నమ్మి వేసవిలో మెయింటెనెన్స్‌కి మూసుకోవాల్సింది ఏప్రిల్‌లో మూసుకున్నారు, మందుల కంపెనీలు గోడౌన్లు నింపుకున్నాయి, నేను టికెట్ పోగొట్టుకున్నా. నమ్మనోళ్ళు మాత్రం ఆ పార్లమెంటు పచ్చ బెంచీల మీద కూర్చుని ఒకళ్ళనొకళ్ళు ఎగతాళి చేసుకుంటున్నారు. ఐర్లాండ్ ఈయూలో ఉండిపోతుంది, ఉత్తర ఐర్లాండ్ బ్రిటన్‌తో బయటికొస్తుంది, మరి సరుకు తనిఖీ చేసే బోర్డర్ ఎక్కడ గీయాలో తేల్చకుండా డేట్ మారిస్తే ఏం తేలుద్ది? ఆ గీత మార్చిలోనూ అక్కడే ఉంది, ఇప్పుడూ ఏదో ఒక చోట ఉండాల్సిందే, ఐరిష్ సముద్రంలో ఉన్నా సరే, ఎవడో ఒకడు బల్లగుద్ది చెప్పాలి. చెప్పరు. తేదీ మారుస్తారు, మా రోస్టర్ మారుద్ది.

నీ పేరు కొట్టిన 50 పెన్నీల నాణేల్ని కరిగించేస్తున్నారట, వాటికైనా లోహం మిగులుద్ది.

నిన్న రాత్రి ఎంపీలు 438-20తో డిసెంబర్ 12న ఎలక్షన్ పెట్టుకుందామన్నారు. ఇన్నాళ్ళకి అంతమంది ఒకే మాట మీదికొచ్చారు, అది కూడా మమ్మల్నే మళ్ళీ అడుగుదామని.

ఇట్లు,
31 రాత్రి డ్యూటీ ఇంకా క్యాన్సిల్ కాని ఒక ఆన్‌కాల్ ఉద్యోగి

నకలు: జనవరి 31 గారికి. అయ్యా, సంక్రాంతి ఎలాగూ నీదే, తీసుకో. ఉగాది మార్చి 25న. నువ్వూ రాకపోతే రాకపోయావు, నీ తమ్ముణ్ణి మాత్రం ఆ చుట్టుపక్కలకి పంపించకు.