హోమ్ సైన్స్ డిగ్రీ: ఫీజు కన్నా ముందు పట్టా మీది పేరు చూడాలి

ఇంటర్ ఫలితాలు వచ్చాక నెట్ సెంటర్‌లో వెబ్ ఆప్షన్లు పెట్టించే పూట తల్లిదండ్రుల చూపంతా తెర మీద ఫీజు అంకె ఉన్న చోటే ఉంటుంది. బైపీసీ చదివిన అమ్మాయికి మెడిసిన్ రాలేదు, అగ్రికల్చర్ బీఎస్సీకి ర్యాంకు చాలలేదు. ఇక మిగిలిన వాటిలో హోమ్ సైన్స్, న్యూట్రిషన్, కమ్యూనిటీ సైన్స్ అన్న పేర్లు కనిపిస్తే, వాటి మధ్య తేడా ఏమిటో విడమరిచి చెప్పేవారు అక్కడ ఎవరూ ఉండరు. ఆ తండ్రి 'ఏది తక్కువైతే అది పెట్టు బాబూ' అంటాడు. ఆయన్ని తప్పుపట్టలేం గానీ, ఈ చదువుల విషయంలో మాత్రం ఆ తక్కువ ఫీజే నాలుగేళ్ల తర్వాత చేతి చమురు వదిలించే సందర్భాలు చాలా ఉన్నాయి. ఇక్కడ పట్టా విలువను కట్టిన ఫీజు కన్నా ఎక్కువగా నిర్ణయించేది దాని మీద అచ్చయిన కోర్సు పేరు.

హోమ్ సైన్స్ అనే ఈ శాస్త్రానికి పేర్లు మార్చుకోవడం మొదటి నుంచీ అలవాటే. అమెరికాలో 1909లో ఏర్పడిన హోమ్ ఎకనామిక్స్ సంఘం 1994లో ఆ పేరు వదిలేసి 'ఫ్యామిలీ అండ్ కన్స్యూమర్ సైన్సెస్' అని పెట్టుకుంది. మన దగ్గర భారత వ్యవసాయ పరిశోధన మండలి నియమించిన ఐదో డీన్స్ కమిటీ సిఫారసులతో వ్యవసాయ విశ్వవిద్యాలయాల్లోని బీఎస్సీ హోమ్ సైన్స్ కాస్తా బీఎస్సీ ఆనర్స్ కమ్యూనిటీ సైన్స్ అయింది. ఎన్‌సీఈఆర్‌టీ ప్లస్ టూ పాఠ్యపుస్తకాలకు మరో పేరు పెట్టుకుంది: హ్యూమన్ ఎకాలజీ అండ్ ఫ్యామిలీ సైన్సెస్. పేరు ఎన్నిసార్లు మారినా వెనుక ఉన్న ఉక్రోషం ఒక్కటే, 'వంట నేర్చుకోవడానికి డిగ్రీ ఎందుకు' అన్న ఎగతాళిని వదిలించుకోవాలని. ఆ ఉక్రోషం న్యాయమైనదే. కానీ విశ్వవిద్యాలయం పేరు మార్చినంత వేగంగా ప్రభుత్వ శాఖల సర్వీసు నిబంధనలు మారవు. ఆ రెండింటి మధ్య ఇరుక్కునేది విద్యార్థిని.

స్త్రీ శిశు సంక్షేమ శాఖ ఉద్యోగాలనే చూద్దాం. అంగన్‌వాడీ కేంద్రాలను పర్యవేక్షించే సూపర్‌వైజర్, ఆ పైన శిశు అభివృద్ధి పథకం అధికారి (సీడీపీవో), ఇవి ఈ చదువుకు అతి దగ్గరి కొలువులు. 1975 అక్టోబర్ 2న అంగన్‌వాడీలను నడిపే సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం మొదలైననాటి నుంచి ఇంతే. తెలంగాణ పబ్లిక్ సర్వీస్ కమిషన్ 2022లో గ్రేడ్-1 సూపర్‌వైజర్ పోస్టులు 181 ప్రకటించినప్పుడు హోమ్ సైన్స్, సోషల్ వర్క్, సోషియాలజీ పట్టాలను అర్హతగా పేర్కొంది. న్యూట్రిషన్ బీఎస్సీలను కూడా చేర్చింది కానీ, వాటితో పాటు ఏ సబ్జెక్టులు చదివి ఉండాలో కూడా చెప్పింది. బోటనీ లేదా జువాలజీ, కెమిస్ట్రీ లేదా బయోకెమిస్ట్రీ వంటి కలయికలు అన్నమాట. అంటే 'న్యూట్రిషన్ చదివాను' అంటే చాలదు, పక్కన ఏం చదివారో కూడా నోటిఫికేషన్‌కు సరిపోవాలి. మరో సంగతి, సోషియాలజీతో మూడేళ్ల బీఏ చేసిన అమ్మాయికి కూడా ఇదే పోస్టుకు అర్హత ఉంది. సూపర్‌వైజర్ ఉద్యోగం ఒక్కటే లక్ష్యమైతే ఖరీదైన న్యూట్రిషన్ కోర్సులో చేరాల్సిన అవసరమే లేదు. ఈ మాట ఏ ప్రైవేటు కళాశాల కరపత్రంలోనూ కనిపించదు.

మరి నాలుగేళ్ల కమ్యూనిటీ సైన్స్ ఎవరికి? తెలంగాణలో ప్రొఫెసర్ జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం కింద హైదరాబాద్ సైఫాబాద్‌లో, ఆంధ్రప్రదేశ్‌లో ఆచార్య ఎన్.జి.రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం కింద గుంటూరులో దీనికి ప్రభుత్వ కళాశాలలు ఉన్నాయి. ఆహారం-పోషణ, మానవ వికాసం, వనరుల నిర్వహణ-వినియోగదారు శాస్త్రం, వస్త్రాలు, విస్తరణ అనే ఐదు విభాగాలనూ ఒకే పట్టా కింద చెబుతారు. వీటి ప్రవేశాలు డిగ్రీ ఆన్‌లైన్ ప్రవేశాలతో (తెలంగాణలో దాని పేరు దోస్త్) కలిసి జరగవు, వ్యవసాయ విశ్వవిద్యాలయం విడిగా నోటిఫికేషన్ ఇస్తుంది. దోస్త్‌లో ఆప్షన్లు పెట్టి ఊరుకున్నవారికి ఈ దారి ఉన్నట్టే తెలియదు. పైగా జాతీయ స్థాయి ఉమ్మడి ప్రవేశ పరీక్ష సీయూఈటీ ద్వారా ఇతర రాష్ట్రాల వ్యవసాయ విశ్వవిద్యాలయాల్లోనూ సీటు దొరకవచ్చు. అలా సొంత రాష్ట్రం దాటి వెళ్లేవారికి వ్యవసాయ పరిశోధన మండలి నెలనెలా ఉపకార వేతనం ఇస్తుంది. దూరం వెళ్తే ఖర్చు పెరుగుతుందన్న మన లెక్క ఇక్కడ అన్నిసార్లూ నిజం కాదు.

ఈ కోర్సులో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది చివరి ఏడాది పల్లెలో ఉండి చేసే పని. అంగన్‌వాడీలో ఐదేళ్లలోపు పిల్లల జబ్బ చుట్టుకొలత తీయడం ఒక చిన్న పనిలా కనిపిస్తుంది. భుజానికీ మోచేతికీ సరిగ్గా మధ్యన గుర్తు పెట్టి, ఎడమ చెయ్యి వదులుగా వేలాడనిచ్చి, రంగుల టేపు చుట్టాలి. 11.5 సెంటీమీటర్ల కన్నా తక్కువైతే ఎరుపు, అంటే తీవ్రమైన పోషకాహార లోపం. అక్కడి నుంచి 12.5 వరకు పసుపు. టేపు కాస్త బిగించి లాగితే పసుపులో ఉండాల్సిన పిల్ల ఎరుపులోకి పోతుంది, వదులుగా పెడితే ఎరుపులో ఉండాల్సిన పిల్ల పసుపులోకి జారి తీవ్ర లోపం లెక్కలోంచే తప్పిపోతుంది. ఆ రెండు మూడు మిల్లీమీటర్ల ఒడుపు పుస్తకంలో రాదు, ఏడ్చే పిల్లల్ని ఒళ్లో పెట్టుకుని యాభైసార్లు కొలిస్తే వస్తుంది. ల్యాబ్ లేని, పల్లెకు పంపని కళాశాల ఫీజు ఎంత తక్కువైనా అక్కడ ఈ ఒడుపు దొరకదు.

సాధారణ డిగ్రీ కళాశాలల్లోని న్యూట్రిషన్ బీఎస్సీ సంగతి వేరు. కోఠి మహిళా కళాశాల లాంటి పాత ప్రభుత్వ సంస్థల్లో (అది 2022లో మహిళా విశ్వవిద్యాలయమైంది, తర్వాత వీరనారి చాకలి ఐలమ్మ పేరు పెట్టుకుంది) చదివితే ఇంటి మీద పెద్దగా భారం పడదు. ప్రైవేటు కళాశాలల్లో చేరేవారు ఎక్కువగా ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద నమ్మకంతోనే చేరతారు. తెలంగాణలో బీసీ కుటుంబాలకు ఆదాయ పరిమితి గ్రామాల్లో లక్షా 50 వేలు, పట్టణాల్లో 2 లక్షలు. పరిమితిలో ఉండటం ఒక ఎత్తు, డబ్బు సమయానికి రావడం మరో ఎత్తు. బకాయిల కోసం తెలంగాణలో ప్రైవేటు కళాశాలలు 2025లో బంద్‌కు దిగాయి. ప్రభుత్వం నుంచి సొమ్ము రాలేదని సర్టిఫికెట్లు ఆపితే, పీజీ కౌన్సెలింగ్‌కు అసలు పట్టా చూపించాల్సిన అమ్మాయి చివరికి అప్పు చేసి ఆ ఫీజు కట్టి తెచ్చుకుంటుంది. 'ఉచితం' అనుకున్న సీటు ధర అప్పుడు తెలుస్తుంది.

డైటీషియన్ కావాలనుకునేవారి దారి ఇప్పుడు ఇంకా ఇరుకైంది. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల కమిషన్ చట్టం పోషకాహార నిపుణులను కూడా తన పరిధిలోకి తెచ్చింది. ఆరోగ్య వృత్తి నిపుణుడు అనిపించుకోవాలంటే మూడు నుంచి ఆరేళ్లలో కనీసం 3600 గంటల చదువు ఉండాలని అందులో రాసి ఉంది. ఆ చట్టం వెంటే విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2025 జులై-ఆగస్టు విద్యాసంవత్సరం నుంచి ఆహార-పోషకాహార శాస్త్రం, క్లినికల్ న్యూట్రిషన్, డైటెటిక్స్ కోర్సులను దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో నడపరాదని ఆదేశించింది. ఉద్యోగం చేసుకుంటూ, పిల్లల్ని పెంచుకుంటూ చదువుకునే మహిళలకు అందుబాటులో ఉన్న అతి చవకైన దారి దీంతో మూసుకుపోయింది. రోగి ఆహారం నిర్ణయించేవారికి వార్డులో శిక్షణ ఉండాలన్న వాదనను నేను కాదనను. కానీ దారి మూసినవారు సాయంత్రపు కళాశాలలు గానీ, జిల్లా కేంద్రాల్లో చవకైన రెగ్యులర్ కోర్సులు గానీ పెట్టి ఉండాల్సింది. పైగా బీఎస్సీతో ఆగితే పెద్ద ఆసుపత్రుల్లో డైటీషియన్ కుర్చీ దొరకడం కష్టం. పీజీ, ఇంటర్న్‌షిప్ తర్వాతే ఇండియన్ డైటెటిక్ అసోసియేషన్ రిజిస్టర్డ్ డైటీషియన్ పరీక్ష రాయాలి. కృషి విజ్ఞాన కేంద్రాల్లో హోమ్ సైన్స్ నిపుణురాలి పోస్టుకూ పీజీ కావాల్సిందే. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో అప్లైడ్ న్యూట్రిషన్ ఎమ్మెస్సీ అందుకు మంచి చోటు. కాబట్టి బడ్జెట్ వేసుకునేవారు మూడు నాలుగేళ్లకు కాదు, ఐదారేళ్లకు వేసుకోవాలి. డిగ్రీలో ప్రభుత్వ కళాశాలతో మిగిలే డబ్బు పీజీకి, ఇంటర్న్‌షిప్ కాలంలో నగరంలో హాస్టల్‌కు అక్కరకొస్తుంది.

అందుకే కళాశాలకు వెళ్లినప్పుడు రంగుల బ్రోచర్ పక్కన పెట్టి, నిరుడు పాసైన విద్యార్థిని ప్రొవిజనల్ సర్టిఫికెట్ నకలు ఒకటి చూపించమని అడగాలి. అందులో కోర్సు పేరు, సబ్జెక్టుల కలయిక ఎలా అచ్చయ్యాయో పాత సర్వీస్ కమిషన్ నోటిఫికేషన్ పక్కన పెట్టి అక్షరం అక్షరం పోల్చుకోవాలి. తర్వాత ఫుడ్ ల్యాబ్ ఎక్కడుందో అడిగి లోపలికి వెళ్లాలి. స్టవ్‌కు గ్యాస్ కనెక్షన్ ఉందా, తూకం యంత్రం మీద దుమ్ము ఎంత మందాన ఉంది, తాళం తీయడానికి అటెండర్ ఎంతసేపు వెతికాడు అన్నవి కళ్లారా చూడాలి.