పేజర్ మోగితే పరిగెత్తే మనిషి ఊళ్ళో ఉండాలిగా

స్కాట్లండ్‌లో 350కి పైగా ఫైర్ స్టేషన్లున్నాయి, వాటిల్లో నాలుగింట మూడొంతుల కంటే ఎక్కువ చోట్ల డ్యూటీలో కూర్చుని ఉండే స్టాఫే ఉండరు. పల్లెటూరి స్టేషన్ అంటే ఒక షెడ్డు, లోపల ఫైరింజన్, తలుపుకి తాళం. గ్యారేజీలో మెకానిక్, హోటల్లో వంటచేసే అమ్మాయి, గొర్రెలు పెంచుకునే రైతు, వీళ్ళ దగ్గర తలా ఒక పేజర్ ఉంటుంది, అది మోగగానే చేతిలో పని అక్కడే వదిలేసి కొద్ది నిమిషాల్లో స్టేషన్‌కి చేరాలి. పిలిస్తే వస్తానని ఒప్పుకున్నందుకు ఏడాదికి కొంత సొమ్ము (రిటెయినర్), వెళ్ళిన ప్రతి కాల్‌కీ కొంత డబ్బు. జీతం అని చెప్పుకునేంత కాదు.

ఈ చరిత్ర చెప్పేవాళ్ళంతా 1824 ఎడిన్‌బరో దగ్గర మొదలుపెడతారు, జేమ్స్ బ్రెయిడ్‌వుడ్ కట్టిన మున్సిపల్ ఫైర్ బ్రిగేడ్ బ్రిటన్‌లోనే మొదటిది కాబట్టి. కానీ పల్లెలకి దాని వల్ల ఒరిగింది తక్కువే. పల్లెకి పద్ధతైన సర్వీస్ తెచ్చింది నా లెక్కలో యుద్ధమే. బాంబు దాడుల దెబ్బకి 1941 ఆగస్టులో బ్రిటన్‌లో ఉన్న బ్రిగేడ్లన్నీ కలిపి నేషనల్ ఫైర్ సర్వీస్ చేశారు, 1948 మేలో మళ్ళీ విడదీసి స్కాట్లండ్‌కి 11 బ్రిగేడ్లు ఇచ్చారు, యుద్ధంలో పనికొచ్చిన సైరన్నే చాలా ఊళ్ళలో ఫైర్‌వాళ్ళని పిలవడానికి వాడుకున్నారు, పేజర్లు ఆ తర్వాత ఎప్పుడో వచ్చాయి. 1975లో 11 కాస్తా ఎనిమిదయ్యాయి. 2013 ఏప్రిల్ 1న ఎనిమిదీ కలిసి ఒక్కటే సర్వీస్ అయింది, కంట్రోల్ రూములు ఎనిమిది నుంచి మూడుకి తగ్గాయి.

2013 విలీనమే పల్లె స్టేషన్లని దెబ్బతీసింది అనేవాళ్ళున్నారు. నాకైతే అది సగం కూడా నిజం కాదనిపిస్తుంది. హెడ్డాఫీసు ఉత్తరాన ఇన్వర్నెస్‌లో ఉన్నా గ్లాస్గో పక్కన కాంబస్‌లాంగ్‌లో ఉన్నా, మంగళవారం పొద్దున పదకొండింటికి పేజర్ మోగితే ఆ ఊళ్ళో ఎవరున్నారన్నదే ప్రశ్న. బండి కదలాలంటే మామూలుగా నలుగురు కావాలి. ఫుల్ కవర్ కాంట్రాక్ట్ అంటే వారానికి 120 గంటలు, అంటే ఆ గంటలన్నీ స్టేషన్ చుట్టుపక్కలే ఉండాలి, పక్క టౌన్‌కి షాపింగ్‌కి పోవడానికి కూడా లేదు. ఒకప్పుడు పని ఊళ్ళోనే ఉండేది కాబట్టి ఇది నడిచింది. ఇప్పుడు ఉద్యోగం ముప్పై మైళ్ళ అవతల, ఊళ్ళో ఇళ్ళేమో సెకండ్ హోములూ టూరిస్టులకి అద్దెకిచ్చేవీ అయిపోయాయి, పాతికేళ్ళ కుర్రాడు కొనుక్కోగలిగే ఇల్లు ఎక్కడుంది చెప్పండి? వాడు లేకపోతే ఫైరింజనూ లేనట్టే.

పోనీ వీళ్ళ అవసరమేమైనా తగ్గిందా అంటే అదీ లేదు. 2015లో నార్త్ కోస్ట్ 500 అనే టూరిస్టు రోడ్ రూట్ మొదలయ్యాక ఉత్తరాన ఒకే లేన్ ఉన్న రోడ్ల మీద కార్లు పెరిగాయి, యాక్సిడెంట్ అయితే కారు కోసి మనిషిని బయటికి తీసేది ఈ ఊరివాళ్ళే. 2023లో కానిక్ దగ్గర, 2025 జూన్ చివర్లో కార్‌బ్రిడ్జ్, దావా దగ్గర కొండల మీద పొదలు రోజుల తరబడి తగలబడితే ఫైర్‌వాళ్ళతో పాటు రైతులూ, వేట ఎస్టేట్లు చూసుకునే గేమ్‌కీపర్లూ ట్రాక్టర్లతో, నీళ్ళ ట్యాంకులతో దిగాల్సొచ్చింది. 2024 ఏప్రిల్‌లో పిట్లోక్రీ దగ్గర లిన్ ఆఫ్ టమెల్ అనే జలపాతం దగ్గర ఇద్దరు ఆంధ్రా స్టూడెంట్లు నీళ్ళలో పడి చనిపోయిన సంగతి మనవాళ్ళలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. అలాంటి చోట టైమ్ అంటే ఏంటో వేరే చెప్పక్కర్లేదు.

2025లో సర్వీస్ మార్పుల మీద జనాభిప్రాయం అడిగారు, ఏళ్ళ తరబడి మనుషుల్లేక పనిచేయని కొన్ని స్టేషన్లు మూసేసే ఆలోచన కూడా అందులో ఉంది. డబ్బు లెక్క నాకు అర్థమవుతుంది, ఖాళీ షెడ్డుని మెయింటెయిన్ చేయడం దండగే. కానీ ఎవరూ చేరట్లేదు కాబట్టి అవసరం లేదనడం మాత్రం ఒప్పుకోలేను. చేరాల్సిన మనిషికి ఆ ఊళ్ళో ఇల్లు దొరకలేదు, అంతే. మూసే ముందు కౌన్సిల్ (స్థానిక ప్రభుత్వం) ఇళ్ళు ఇచ్చేటప్పుడు ఫైర్ కాల్స్‌కి వెళ్ళేవాళ్ళకి ముందు ఇవ్వాలి, అడవుల శాఖ, కౌన్సిల్, స్కూళ్ళు తమ ఉద్యోగులు పేజర్ మోగితే జీతం కోయకుండా వదలాలి. ఇవి రెండూ గట్టిగా కొన్నేళ్ళు చేసి చూశాక కూడా నలుగురు దొరక్కపోతే అప్పుడు మూసివేత గురించి మాట్లాడొచ్చు.