పత్తి ముచ్చట కూడా అడుగుండ్రి
ఓట్లకొచ్చే క్యాండిడేట్లను న్యాయమైన వ్యాపారం గురించి, పేద దేశాల గురించి అడగాలని మీ పేపర్ల రాసిండ్రు, మంచిగ రాసిండ్రు సార్, కానీ గది ఎక్కడో దూరం ముచ్చట కాదు, మా వరంగల్ ఎనుమాముల పత్తి మార్కెట్లనే ఉన్నది. 2025 ఆగస్టుల కేంద్రం పత్తి దిగుమతి మీద 11 శాతం సుంకం తీసేసింది, డిసెంబర్ ఆఖరు దాకా గట్లనే ఉంచిండ్రు, సరిగ్గా మేం పత్తి ఏరే టైం అది, బయటి దేశాల పత్తి అగ్గువకొస్తే మా పత్తికి ధర పడతది. మా బాపు బస్తాల చెయ్యి పెట్టి తేమ చూసుకుంట నిలబడ్డడు, 12 శాతం దాటితే సీసీఐ, అంటే మద్దతు ధరకు పత్తి కొనే కేంద్ర సర్కారు సంస్థ, కొనదు, ఇగ బయట ఇచ్చినకాడికి అమ్ముకునుడే. అమెరికా వాళ్ల పత్తి రైతులకిచ్చే సబ్సిడీలతోని ధర పడిపోతున్నదని ఆఫ్రికా దేశాలైన మాలి, బెనిన్, చాడ్, బుర్కినాఫాసో 2003 నుంచి ప్రపంచ వాణిజ్య సంస్థ (డబ్ల్యూటీఓ)ల కొట్లాడుతున్నయ్, ఆళ్లది మాది ఒకటే గోస. ఈసారి మా ఊరికి ఎవరొచ్చినా కండువా కప్పకముందే అడుగుత, ఈ సుంకం మీద పార్లమెంటుల ఏం మాట్లాడుతవన్నా అని.