లెక్క అబద్ధం చెప్పదట!

"లెక్క అబద్ధం చెప్పదండీ" అని కోటేసుకుని మైకులో సెలవిచ్చే మోటివేషన్ గురువులందరికీ ముందుగా సాష్టాంగ నమస్కారం. వాళ్లు తప్పకుండా నెప్ట్యూన్ కథ ఎత్తుకుంటారు. యురేనస్ నడక తేడాగా ఉంటే ఫ్రాన్స్‌లో లె వెరియే అనే ఖగోళ శాస్త్రజ్ఞుడు కాగితం మీదే లెక్కగట్టి ఫలానా చోట గ్రహం ఉందన్నాడు, 1846 సెప్టెంబరు 23 రాత్రి బెర్లిన్‌లో వెతికితే అక్కడికి డిగ్రీ లోపే దొరికింది. చప్పట్లు.

రెండో భాగం మాత్రం వాళ్ల స్లైడ్లలో ఉండదు. తర్వాత బుధుడి నడకలోనూ తేడా తేలింది. అదే మనిషి, అదే న్యూటన్ గురుత్వాకర్షణ వ్యాకరణం, 1859లో అదే రకం వాక్యం: సూర్యుడి దగ్గర మనకు కనబడనిదేదో తిరుగుతోంది. లెస్కార్బో అనే పల్లెటూరి డాక్టరు నేను చూశానని ఉత్తరం రాశాడు. పారిస్ అబ్జర్వేటరీ డైరెక్టరైన లె వెరియే స్వయంగా వెళ్లి, ఏదయ్యా నీ రికార్డు అన్నాడు. ఆ డాక్టరుకి వడ్రంగం కూడా సరదా, లెక్కలు చెక్క మీద వేసుకుని పనయ్యాక చిత్రిక పట్టేసేవాడట! అదృష్టం కొద్దీ కొత్త గ్రహం లెక్కలున్న చెక్క ఇంకా చిత్రిక దాకా రాలేదు. పెద్దాయన తృప్తిపడ్డాడు, తన లెక్క ముందే చెప్పింది కదా మరి! గ్రహానికి వల్కన్ అని బారసాల చేశారు, డాక్టరుకి లీజియన్ ఆఫ్ ఆనర్ అనే ఫ్రాన్స్ ప్రభుత్వ బిరుదు ఇచ్చారు. లేనిదల్లా గ్రహమే. లె వెరియే 1877లో పోయేదాకా నమ్ముతూనే ఉన్నాడు. శతాబ్దానికి 43 ఆర్క్ సెకండ్ల (ఆర్క్ సెకండంటే డిగ్రీలో 3600వ వంతు) ఆ తేడాకి గ్రహం అక్కర్లేదని 1915లో ఐన్‌స్టీన్ వేరే గణితంతో తేల్చాడు.

బుధుడి నడకలో తేడా నిజం, లె వెరియే కూడికలూ తప్పు కాదు. కుందేటి కొమ్ము మీద ఛందస్సు తప్పకుండా పద్యం రాయొచ్చు, కొమ్ము మాత్రం మొలవదు.

పోనీ, వల్కన్ వల్ల ఎవరి కొంపా మునగలేదు. కానీ అదే మైకు ఇంటర్ పిల్లాడి ముందు పెట్టి "నీ పర్సెంటైల్ 61, లెక్క అబద్ధం చెప్పదు, నువ్వింతే" అంటారే, అక్కడ నాకు ఒళ్లు మండుతుంది. ఆ రోజు ఆ పరీక్ష రాసినవాళ్లలో వాడి వెనక నూటికి ఎంతమంది ఉన్నారో చెప్పే అంకె అది, అంతకుమించి ఒక్క ముక్క కూడా చెప్పదు. దాన్ని తెచ్చి వాడి నుదుట రాయడానికి మీరెవరయ్యా? ఆ అంకె చూపించి వాణ్ని ఆఖరి సెక్షన్లో పడేసి, టాపర్‌కి ఫీజు మాఫీ చేసిన డబ్బంతా వీడి నాన్న దగ్గరే గుంజుతున్నారు కదా, ఆ లెక్క కూడా మైకులో చెప్పండి!