బీరువా తాళంకప్ప గారికి

మహారాజశ్రీ తాళంకప్ప గారికి,

శ్రీకాకుళం జిల్లాలోని ఓ శాఖా గ్రంథాలయం పాఠకులు నమస్కరించి రాసుకునేది. మేమంతా క్షేమం. మా చేతికి అందకుండా మీరు బీరువాలో బంధించిన పుస్తకాల క్షేమం మాత్రం చెదపురుగుల్ని అడిగి తెలుసుకోవాలి.

చెదకి తాళంచెవి అక్కర్లేదు కదండీ. నేలలోంచి మట్టిగూడు కట్టుకుంటూ గోడెక్కి, బీరువా వెనకరేకు సందులోంచి దూరుతుంది. కలరా ఉండల కంపు మనకే గానీ దాని దారి మూయదు. బీరువాని గోడకి జానెడు ఎడంగా జరిపి, కాళ్ళకింద ఇటుకలు పెట్టి, నెలకోసారి టార్చిలైటుతో వెనక్కి చూస్తే ఆ మట్టిగీత మొదట్లోనే కనిపిస్తుంది. ఇక చెమ్మగాలి మూసిన ఇనపపెట్టెలో చిక్కితే బూజే. పొడిగా ఎండ కాసిన రోజున తలుపులు బార్లా తెరవాలి. పుస్తకాల్ని వేలు దూరేంత వదులుగా నిలబెట్టాలి. చిరిగిన పేజీకి సెలోటేపు వేస్తే కొన్నేళ్ళకి అది ఊడిపోయి, పచ్చమరక మిగులుతుంది. పలచటి కాగితం, మైదా జిగురు చాలు. జిగురులో మైలతుత్తం కలపకపోతే అదీ పురుగులకి విందే.

మీ ఉద్యోగానికి అసలు కారణం మాకు తెలుసు. తనిఖీలో పుస్తకం తగ్గితే ఆ ధర ఎవరి జీతంలో కోస్తారోనన్న భయం. కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నియమాలు (2017) 215వ నియమంలో దీనికి మందు రాసుంది: ఏడాదిలో పాఠకులకి ఇచ్చిన, వాళ్ళు తిరగేసిన ప్రతి 1000 పుస్తకాలకి 5 పోవడం సహజమే, మోసమో అజాగ్రత్తో కారణం కాకపోతే. అలాంటి మాట ఒకటి ఇక్కడి గ్రంథపాలకుడి చేతికీ కాగితం మీద ఇస్తే ఆయనే వచ్చి మిమ్మల్ని ఊడదీస్తాడు. ఆ లెక్క మీరూ ఓసారి కట్టి చూడండి. వెయ్యి పుస్తకాలు బయటికెళ్తే అయిదింటికి మాఫీ. మీ పుణ్యాన బయటికెళ్ళేవి సున్నా, కాబట్టి మాఫీ కూడా సున్నా. చెద తిన్న మొదటి పుస్తకంతోనే మీరు ముద్దాయి!

శ్రీకాకుళం ఊళ్ళో కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో తెలుగు కథల కోసమే కథానిలయం అనే గ్రంథాలయం తెరిచారు. ఏ పాత పత్రికలోనో అచ్చయి అందరూ మరిచిన కథ కూడా అడిగినవాడికి దొరకాలని ఆయన పట్టు. అదే జిల్లాలో, మొన్న కొన్న నవల ఎవరికీ దొరక్కుండా కాపాడుతున్న ఘనత మీది.

ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను కడుతున్నది మేమే, అంటే మీ జీతం మాదే. నిఘంటువులకీ, మళ్ళీ దొరకని పాత ప్రతులకీ ఒక్క బీరువా ఉంచుకోండి, కాదనం. మిగతావి తలుపుల్లేని అరల్లోకి రావాలి, గ్రంథపాలకుడి కుర్చీలోంచి అన్ని వరసలూ కనపడేలా.

తమరిని సైకిల్ స్టాండుకి బదిలీ చెయ్యమని అర్జీ పెడుతున్నాం. అక్కడ దొంగలు నిజంగానే ఉన్నారు.

ఇట్లు,
అద్దంలోంచి అట్టలు మాత్రమే చదివిన
మీ పాఠకులు