ఫ్లాట్ మనది, గోడ ఎవరిది?

ఇంగ్లండ్‌లో ఫ్లాట్ కొనబోతున్న మనవాళ్లు ఈ మధ్య వరసగా ఫోన్లు చేస్తున్నారు. "అన్నా, స్టేషన్ పక్కనే, రేటు కూడా బాగుంది, తీసుకోమంటావా?" అని. అందరికీ విడివిడిగా చెప్పే బదులు ఒకేసారి రాస్తున్నాను. పొడుగైనా ఓపిగ్గా చదవండి.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఫ్లాట్ కొంటే రిజిస్ట్రేషన్ కాగితంలో అవిభాజ్య వాటా ఇన్ని గజాలని రాస్తారు. రేపు బిల్డింగ్ పడగొట్టినా ఆ నేలలో మన వాటా మనకుంటుంది. ఇక్కడి లీజ్‌హోల్డ్ అలా కాదు. 99 ఏళ్లకో 125 ఏళ్లకో ఆ ఫ్లాట్‌లో ఉండే హక్కు కొనుక్కుంటాం, అంతే. నేల, బయటి గోడలు, పైకప్పు, మెట్లు మామూలుగా ఫ్రీహోల్డర్‌వి, అంటే ఆ నేల అసలు యజమానివి. వాటి రిపేర్ల ఖర్చు మాత్రం సర్వీస్ ఛార్జ్ పేరుతో మనదే. 2016లో నేను సంతకం పెట్టినప్పుడు ఈ ముక్క నాకెవరూ విడమరిచి చెప్పలేదు.

మరుసటి ఏడాది, 2017 జూన్ 14న, అర్ధరాత్రి దాటాక లండన్‌లో గ్రెన్‌ఫెల్ టవర్ తగలబడింది. నాలుగో అంతస్తులో ఒక వంటింట్లో ఫ్రిజ్ దగ్గర పుట్టిన మంట, బయట గోడకు తొడిగిన క్లాడింగ్‌కు అంటుకుని పైదాకా ఎగబాకింది. రెండు పల్చటి అల్యూమినియం రేకుల మధ్య పాలిథిలిన్, అదీ ఆ క్లాడింగ్. 72 మంది పోయారు. ఇంట్లోనే ఉండమన్న ఫైర్ సిబ్బంది మాట నమ్మి ఆగిపోయినవాళ్లు వాళ్లలో ఉన్నారు. ఆ చావులన్నీ ఆపగలిగినవేనని 2024 సెప్టెంబరులో విచారణ సంఘం అధ్యక్షుడే చెప్పారు.

ఆ తర్వాత దేశమంతా గోడలు విప్పి చూడటం మొదలైంది. 2020లో మాకూ ఉత్తరం వచ్చింది. మా గోడలదీ అదే కథ. పైగా గోడ లోపల మంటను అడ్డుకోవాల్సిన పట్టీలు చాలాచోట్ల అసలు వెయ్యనే లేదట. ఆ వారం నుంచే వేకింగ్ వాచ్. పసుపు జాకెట్లు వేసుకున్న ఇద్దరు, చేతిలో హారన్‌తో, తెల్లవార్లూ అంతస్తు అంతస్తూ తిరిగేవాళ్లు. రాత్రి రెండింటికి వాళ్ల బూట్ల చప్పుడుకు మా పాప లేచి కూర్చుని "మంటొచ్చిందా నాన్నా?" అని అడిగేది. ఆ కాపలా ఖర్చు కూడా మా దగ్గరే వసూలు చేశారు. రీమార్ట్‌గేజ్‌కి, అంటే ఇంటి లోన్ మార్చుకోడానికి, వెళితే ఫ్లాట్ విలువ సున్నా అని కాగితం ఇచ్చారు. గోడ లోపల ఏముందో కొన్నవాడికి ఎలా తెలుస్తుంది? కట్టినవాడికి తెలుసు, మేం కొన్నాకే బయటపడింది, బిల్లు మాత్రం మాకు!

లీజ్‌హోల్డర్లు రోడ్డెక్కి ఏళ్ల తరబడి పోరాడితేనే 2022లో బిల్డింగ్ సేఫ్టీ చట్టం వచ్చింది. దాని రక్షణ అందాలంటే బిల్డింగ్ 11 మీటర్ల ఎత్తయినా ఉండాలి, లేదా గ్రౌండ్ ఫ్లోర్‌తో కలిపి అయిదంతస్తులైనా ఉండాలి. 2022 ఫిబ్రవరి 14 నాటికి ఆ ఫ్లాట్ యజమాని సొంతంగా ఉంటున్న ఇల్లయినా కావాలి, లేదా ఆయనకు యూకేలో మొత్తం మూడు ఇళ్లకు మించి ఉండకూడదు. అలాంటి లీజుకు క్లాడింగ్ ఖర్చు పైసా పడదు. మిగతా లోపాలకు, పది లక్షల పౌండ్ల లోపు ఫ్లాటైతే, లండన్‌లో 15,000 పౌండ్లు, బయట 10,000 దాటి అడగకూడదు. కట్టిన కంపెనీయే ఫ్రీహోల్డర్ అయితే ఆ లోపాలకు కూడా ఏమీ అడగకూడదు.

ఈ చట్టం వల్లే మా కుటుంబం నిలబడింది. కానీ ఆ 11 మీటర్ల గీత తలుచుకుంటే కడుపు మండిపోతుంది. నా మిత్రుడిది నాలుగంతస్తుల బిల్డింగ్. అదే రకం క్లాడింగ్, అదే రకం నిర్లక్ష్యం. ఆ రక్షణ వాళ్లకు వర్తించదు. నాలుగో అంతస్తులో పిల్లల్ని పక్కలో వేసుకుని పడుకున్న తల్లికి పొగ తక్కువ వస్తుందా?

మన వైపు బాధ్యత కూడా ఉంది, దాచకుండా చెప్పాలి. ఫ్లాట్ మెయిన్ డోర్ ఫైర్ డోర్. దాని పైన తలుపును దానంతటదే మూసే చిన్న ఇనుప చెయ్యి ఉంటుంది. తలుపు బరువుగా ఉంది, పిల్లల వేళ్లు నలుగుతున్నాయని మనవాళ్లు చాలామంది అది విప్పేస్తున్నారు. విప్పొద్దు. ఇంట్లో మంటొస్తే అందరూ కంగారుగా పరిగెడతారు, తలుపు వేసి వెళ్లాలని ఎవరికీ గుర్తుండదు. పొగంతా మెట్ల మీదికి, పై అంతస్తువాళ్ల మీదికి పోతుంది. చెప్పుల స్టాండు, స్ట్రోలర్ కూడా అందరూ నడిచే వరండాలో వద్దు. ఏడాదికోసారి తలుపు చూడటానికి మనిషి వస్తే విసుక్కోకుండా లోపలికి రానివ్వండి.

కొనేముందు మీ సొలిసిటర్‌ని (లాయర్‌ని) అడగండి: బిల్డింగ్ ఎత్తెంత, 2022 ఫిబ్రవరి 14న ఆ లీజు ఎవరి పేరున ఉంది, లీజ్‌హోల్డర్ సర్టిఫికెట్ (ఆ లీజు పై షరతులకు సరిపోతుందని లీజ్‌హోల్డర్ ఇచ్చే పత్రం) ఉందా, బయటి గోడల రిపోర్టు ఉందా. కాగితం చేతికి రాకుండా ఎక్స్ఛేంజ్ (ఇక వెనక్కి తగ్గలేని కొనుగోలు ఒప్పందం) చెయ్యకండి, ఏజెంట్ ఎంత తొందరపెట్టినా సరే.

నా మిత్రుడి బిల్డింగ్ గురించి మా ఎంపీకి పోయిన వారమే ఉత్తరం రాశాను. మీదీ 11 మీటర్ల లోపు బిల్డింగ్ అయితే చెప్పండి, ఆ ఉత్తరం మీకూ పంపిస్తాను. పేరు, అడ్రస్ మార్చుకుని మీ ఎంపీకి పంపండి.